జోస్నాకు పేన్లు పడ్డాయి

"మీ జోస్నా తల నిండా పేన్లేనండీ. క్లాసులో అందరికీ అంటుకుంటాయి, కాస్త చూసుకోండి," అని స్కూలు టీచరు ఫోన్లో గట్టిగానే చెప్పింది. రూతు సారీ చెప్పి ఫోను పెట్టేసి, ఒక్కతే పడీపడీ నవ్వింది.

దిల్‌సుఖ్‌నగర్ పోయి పేన్ల దువ్వెన కొనుక్కొచ్చింది. సాయంత్రం ఆరేళ్ల కూతురిని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుంది.

"ఎవరి తలకెల్లి ఎక్కినయే?"

"పక్క బెంచీ పిల్లకున్నయి. నేనే తలకు తల ఆనిచ్చి కూసున్న," అంది జోస్నా, అదేదో గొప్పపని అన్నట్టు.

"కావాల్నని ఎక్కించుకున్నవా? ఎందుకే?"

"జుట్టున్నోళ్లకే పేన్లు పడ్తయట. నాకు పడయని ఆ పిల్ల నవ్వింది."

రూతు చెయ్యి ఆగిపోయింది. కేన్సర్ మందులకు ఊడిపోయిన కూతురి జుట్టు, మందులు ఆపిన ఆరు నెలలకు, ఇప్పుడిప్పుడే దువ్వెనకు అందుతోంది.

ఇంతలో మొదటి పేను దొరికింది. రూతు దాన్ని గోటి మీద పెట్టుకుంది.

"అమ్మా, దాన్ని చంపకు," జోస్నా బతిమాలింది. "సోమవారం దవాఖానకు పోతం గదా, డాక్టర్ సార్‌కు చూపిస్త."

రూతు లేచి వెళ్లి, అల్మారాలోంచి ఖాళీ మందుసీసా ఒకటి తెచ్చి మూత తీసింది.