పాల గంట

"నీ పెళ్లాం లోపల మిషను కుడుతుంటే నువ్వు బయట పిల్లను ఊపుతున్నావు. ఆ మీసం కూడా ఆవిడకే ఇచ్చెయ్యి, సరిపోతుంది."

గేటు కాపలా అబూ ఫవాజ్ ఈ మాట రోజూ అనేవాడు. ఒకరోజు ఉప్పు తగ్గించి, ఒకరోజు కారం పెంచి.

హైసమ్ పిల్లను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకునేవాడు.

అజ్లూన్ కొండల నడుమ ఆ బట్టల ఫ్యాక్టరీ. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే కుట్టేది. కాపలావాడు మాత్రం జర్కా నుంచి వచ్చినవాడు. ఊరుగాని ఊరివాడికి ఎవరూ ఏదీ చెప్పరు. అతను అడిగేవాడూ కాదు. అతనికి మాట్లాడటమే ఇష్టం.

మధ్యాహ్నం నమాజు పిలుపు అయ్యాక నుహా గేటు దాటి వచ్చేది. కాపలా గది వెనక బల్ల మీద కూర్చుని పిల్లకు పాలిచ్చేది. కాన్పయిన ఆడదానికి ఏడాదిదాకా చట్టం ఇచ్చిన గంట అది. ఆ గంటలో ఆమె కుట్టాల్సిన కాలర్లు పక్క మిషన్లవాళ్లు తమ వాటితోపాటు కుట్టి పెట్టేవారు. ఒక్కరూ సణగలేదు.

హైసమ్ ఒక రొట్టెల బట్టీలో వ్యాను నడిపేవాడు. పిల్ల పుట్టినప్పుడు మూడు రోజులు సెలవిచ్చారు. తండ్రికి అంతే. ఇంకొన్నాళ్లు కావాలని యజమానిని అడిగాడు.

"పిల్లను చూడ్డానికి మీ వంశంలో ఆడవాళ్లే లేరా?" అన్నాడు యజమాని. "పాలు నువ్విస్తావా ఏంటి?"

బట్టీలో అందరూ నవ్వారు. నవ్వడానికి పిండీ అక్కర్లేదు, కట్టెలూ అక్కర్లేదు. హైసమ్ వ్యాను తాళాలు పిండిబల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఇప్పుడు తెల్లవారుజామున ఎవరివైనా కూరగాయలు దించి, తక్కిన పొద్దంతా పిల్లను ఎత్తుకుంటున్నాడు.

"నాకు ఆరుగురు," అనేవాడు అబూ ఫవాజ్. "నడిచి నా దగ్గరికి వచ్చేదాకా ఒక్కణ్ణీ ముట్టుకోలేదు. మగాడన్నాక అంతే. అది సరే, పిల్ల పుడితే కరావియా పాయసం వండి, అక్రోట్లు చల్లి ఊరంతా పంచుతారే. నీ గిన్నె ఎక్కడోయ్? ఆడపిల్ల అని ఎగ్గొట్టావా?"

హైసమ్ పిల్ల వీపు తట్టాడు. "ఏడవకు రీమా," అన్నాడు పిల్లతో. "వచ్చేస్తుంది."

ఆ వారం అమ్మాన్ నుంచి కొత్త సూపర్‌వైజర్ దిగాడు. పేరు ముహన్నద్. వచ్చీరాగానే ఎవరు ఎంతసేపు కుర్చీ వదులుతున్నారో చూశాడు. నుహా లేచిన వెంటనే తనూ లేచి, వెనకాలే గేటుదాకా వచ్చాడు.

"అయిదు నెలల పిల్ల కదా. డబ్బా పాలు పట్టొచ్చుగా?"

హైసమ్ నోరు తెరిచాడు. "కక్కేస్తుంది సార్. దొరికినవన్నీ పట్టి చూశాం. పొద్దున తాగిందంటే మళ్లీ ఇప్పుడే. ఈ గంట తీసేస్తే పిల్ల దక్కదు."

"ఈ గంట సొంత బిడ్డకు పాలిచ్చే తల్లికి. షికార్లకు కాదు. ఏదీ, చూడనీ."

నుహా చేతులు చాచింది. పిల్ల ఒక్క ఊపున ఆమె మీదికి దూకి, మెడ పట్టుకుని, ముఖం గుండెల్లో దూర్చింది.

"పేరు?"

"లయాన్," అంది నుహా. ఆఫీసులో చెప్పిన పేరు అదే.

అబూ ఫవాజ్ టీ గ్లాసు దించాడు. "అదేంటి? వీడు రోజూ రీమా అంటాడే."

పిల్ల వీపు నిమురుతున్న నుహా చెయ్యి ఆగిపోయింది. హైసమ్ ముఖం సున్నం కొట్టినట్టయింది. ముహన్నద్ ఒకసారి ఆమెను, ఒకసారి అతణ్ణి చూశాడు.

ఇంతలో కాపలావాడే పగలబడి నవ్వాడు.

"ఇంట్లో ఇద్దరు ముసలమ్మలుంటే పిల్లకు రెండు పేర్లే సార్. మా చిన్నోడికి మూడు. అటు అమ్మను కాదనలేడు, ఇటు పెళ్లాన్ని కాదనలేడు, ఈ మేక ఏం చేస్తాడు పాపం?"

ముహన్నద్ కూడా నవ్వాడు. గంట దాటి ఒక్క నిమిషమైనా జీతంలో కోత పడుతుందని చెప్పి లోపలికి పోయాడు.

గంట నిలిచింది. ఎగతాళి పుణ్యమా అని.

నుహా బల్ల మీద కూర్చుని ముసుగు సర్దుకుంది. హైసమ్ ఎప్పటిలాగే గది ముందు వైపుకు వచ్చి, వీపు తిప్పి నిలబడ్డాడు.

"నీ పెళ్లామేగా, ఏం సిగ్గురా నాయనా," అన్నాడు అబూ ఫవాజ్. "రోజూ అటే చూస్తావు. రాళ్లు తప్ప అక్కడేముంది?"

హైసమ్ తల తిప్పలేదు. లోయ అవతల వాళ్ల ఊరి కొండవాలు ఎండలో తెల్లగా కనిపిస్తోంది.

ఆ వాలు మీదే, నుహా కన్న లయానూ, రీమాను కన్న హైసమ్ భార్యా ఒకే మధ్యాహ్నం పక్కపక్కనే మట్టిలోకి వెళ్లారు.