గోడ అవతలి బూజు

రుద్రమ్మ ఆ రోజు కూడా గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో అప్పుడే మగ్గం మీంచి కోసిన చీర. అంచు పొడుగునా పచ్చటి మచ్చలు.

"ఏం సాబూ, ఇది నీ బూజు కాదా? కండ్లు పెట్టి సూడు."

గోడ అవతల రేకుల షెడ్డులో యూసుఫ్ సాబ్ తలెత్తాడు. ఆదోనిలో కాలేజీ పిల్లలకు సైన్సు చెప్తాడు. సాయంత్రం ఎర్రబస్సు దిగి ఎమ్మిగనూరు చేరగానే ఈ షెడ్డులో దూరతాడు. లోపలంతా గాజు సీసాలు. వాటిలో పత్తికట్టె పొడి, వేరుశనగ బుడ్డల పొట్టు, వాటి మీద పచ్చగా బూజు. ఆ బూజులో ఎంజైమని ఒక రసం ఊరుతుందట. అది పొట్టును కరిగించి చక్కెర నీళ్లు చేస్తుందట. చక్కెర కోసం రేషన్ షాపు ముందు నిలబడే రోజులవి. చేలల్లో తగలబెట్టే కట్టెలోంచి పాకం తీస్తానని అతను వీధంతా చెప్పుకున్నాడు. రుద్రమ్మకూ ఒక చెంచాడు పాకం ఇచ్చాడు. ఆమె అతని ముందే ఉమ్మేసింది.

"నాది మూతేసిన సీసాల్లో ఉండాది అక్కా."

"పొట్టును తినేది గుడ్డను తినదా?"

యూసుఫ్ సాబ్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు. అదే అతని కొంప ముంచింది.

"తింటాది. పత్తికట్టయినా పత్తిగుడ్డయినా దానికి ఒకటే."

"ఇన్యారా," అంది రుద్రమ్మ వీధికంతా వినబడేలా. "వాని నోటితోనే ఒప్పుకున్యాడు."

ఆ మనిషంటే ఆమెకు మొదటినుంచీ గిట్టదు. ఆమె పడుగు నూలు సాగదీసుకునే చోటుకు అడ్డంగా గోడ కట్టించింది అతనే. నిరుడు వానలకు మగ్గం కింద కాళ్లు పెట్టే గుంటలో నీళ్లూరి, అడుగున పెట్టిన పంచె కుళ్లిపోతే, ఆమె కడుపుమంటతో దాన్ని అతని పెరట్లోకే విసిరింది. ఇంకొకడైతే జగడానికి వచ్చేవాడు. ఈయన కిక్కురుమనకుండా ఎత్తుకుపోయాడు. పౌరుషం లేని మనిషని అప్పటినుంచీ ఆమెకు మరీ అలుసు.

కానీ ఇప్పుడు అలుసుతో తీరేలా లేదు. నూలిచ్చే దేవేంద్రప్ప చీర తిప్పి చూసి మొహాన కొట్టినట్టు చెప్పాడు.

"ఇంకొక్క మచ్చ కనపడితే నీకు నూలు బంద్."

నూలు లేకపోతే మగ్గం లేదు. మగ్గం లేకపోతే పొయ్యి లేదు.

మర్నాడు యూసుఫ్ సాబ్ ఆదోని బస్సెక్కాక, గంజి కాచే గుండిగ నిండా నీళ్లు మరగబెట్టింది. షెడ్డుకు గొళ్లెమే గానీ తాళం లేదు. ఒక్కో సీసా మూత తీసి సలసల కాగే నీళ్లు పోసింది. పచ్చటిదంతా బూడిదరంగుకు తిరిగి ముద్దయింది. ఎన్నాళ్లకో ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది.

సాయంత్రం యూసుఫ్ సాబ్ సీసాలు ఒక్కొక్కటే కడిగి బోర్లించాడు. ఎవరు చేశారని ఎవరినీ అడగలేదు. చూపించడానికి బూజే లేకపోవడంతో, అతని చక్కెర చూడ్డానికి హైదరాబాదు నుంచి వస్తామన్న సైన్సువాళ్లు రాలేదు.

రుద్రమ్మ కొత్త పడుగు ఎక్కించింది. చిక్కగా గంజి పట్టించింది. పోగు తెగకుండా ఎప్పటిలాగే మగ్గం గుంటలో తేమ ఆరనివ్వకుండా నీళ్లు చల్లింది. అమావాస్య రాకముందే కొత్త చీర అంచు మీద మళ్లీ పచ్చగా మొలిచింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ పెంచినాడు, దొంగముండాకొడుకు. చీపురు తీసుకుని విసురుగా తలుపు తీసింది.

గడప ముందు యూసుఫ్ సాబ్ ఖాళీ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నిరుడు నువ్వు గోడ మీంచి ఇసిరిన కుళ్లు పంచె మీదనే నాకు ఆ బూజు దొరికింది అక్కా, నీ మగ్గం గుంటలో ఇంకా ఉంటే రవ్వంత గీకిస్తావా?"