రోజారమణి బ్యాడ్జి

మోహనకృష్ణ తలుపు దగ్గరగా వేసి, కుర్చీ చూపించాడు. ఆసుపత్రిలో రేడియేషన్ లెక్కలు చూసే ఫిజిసిస్టు ఆయన. మామూలుగా తలుపులు వేసుకుని మాట్లాడే మనిషి కాదు.

"నీ బ్యాడ్జి రిపోర్టు వచ్చిందమ్మా. డోసు చాలా ఎక్కువ చూపిస్తోంది."

రోజారమణి చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది. నాలుగో నెల. పెళ్ళయిన ఏడేళ్ళకు నిలిచిన కడుపు.

క్యాన్సర్‌కి కిరణాలు పెట్టే ఆ విభాగంలో టెక్నీషియన్లందరికీ అగ్గిపెట్టెంత బ్యాడ్జి ఉంటుంది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టి ఉంచుతుంది. మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. అదేమిటని పేషెంట్లు అడిగితే రోజారమణి, "ఇదే మాకు కాపలా" అని నవ్వేసేది. ఇన్నేళ్ళ సర్వీసులో దాని మీద చెప్పుకోదగ్గ డోసు ఎప్పుడూ పడలేదు.

"మెషీన్ లీకవుతోందా సార్?"

"లీకైతే అందరి బ్యాడ్జిలూ చూపించాలి కదా. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. కిరణాలు వస్తున్నప్పుడు నువ్వెప్పుడైనా లోపల ఉండిపోయావా?"

"తలుపు పడితేనే కదా సార్, మెషీన్ ఆన్ అయ్యేది!"

"మరెలా పడింది? ఒక్కసారే పడిందా, రోజూ కాస్త కాస్త పడిందా? అదే నాకు తెలియాలి. నెమ్మదిగా పడితే కణాలు ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటాయి. అంతా ఒక్కసారే మీద పడితే వాటికి వ్యవధి ఉండదు. బ్యాడ్జి మొత్తం ఎంతో చెబుతుంది గానీ, ఎలా పడిందో చెప్పదు."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. తను రోజూ పేషెంట్లకు చెప్పేదే. "ఒక్కరోజులో ఇచ్చీలేరేటి?" అని విసుక్కునేవాళ్ళకు, "మంచి కణాలు కోలుకోవాలి కదా, అందుకే రోజూ కొంచెం" అని సర్దిచెప్పేది. కొందరికి ఎంత చెప్పినా భయం పోదు. జాలారిపేట చిట్టమ్మ అయితే చికిత్స జరిగినన్నాళ్ళూ గుప్పిళ్ళు గుండెల మీద బిగించి, పోలమ్మ తల్లిని తలుచుకుంటూ పడుకునేది. వదులు చెయ్యమన్నా వినేది కాదు.

ఇప్పుడు రోజారమణికి సర్దిచెప్పేవాళ్ళు లేరు.

ఒంటికి నిజంగా ఎంత తగిలిందో తేల్చే రక్తపరీక్షకు పంపారు. ఫలితం రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. గైనిక్ డాక్టరు అనూరాధ అంతకాలం ఆగమనలేదు. బిడ్డ మెదడు తయారయ్యే సమయంలో ఇంత డోసు పడిందంటే ప్రమాదమే, సోమవారానికి ఒక నిర్ణయానికి రండి అంది. ఆ నిర్ణయమేమిటో ఎవరూ నోటితో అనలేదు. మధురవాడలో ఫ్లాటుకు వెళ్ళి, భర్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది రోజారమణి.

ఏడుపయ్యాక కోపం వచ్చింది.

కోటు అడ్డం పడుతుందని, పేషెంట్లను బల్ల మీద సర్దేటప్పుడు ఆమె దాన్ని విప్పి, మెషీన్ గది బయట బట్టలు మార్చుకునే తెర పక్కన కొక్కేనికి తగిలిస్తుంది. ఉదయం తగిలిస్తే మళ్ళీ భోజనాలప్పుడే తొడుక్కునేది. బ్యాడ్జి ఆ కోటుకే ఉండేది. ఎవరైనా తీసుకెళ్ళి కిరణాల కింద పెట్టొచ్చు. ఒక్క నిమిషం చాలు. మోహనకృష్ణకు ఫోన్ చేసి చెబితే, ఎవరు తీశారో తేలేదాకా ఆ డోసు నీదేననుకోవాలమ్మా అన్నాడు.

ఎవరు?

నరేష్. దువ్వాడ నుంచి వస్తాడు. ఆమెకంటే సీనియర్. ఇన్‌ఛార్జి పదవి తనదేననుకున్నాడు, ఆమెకు వచ్చింది. అప్పట్నుంచి అతని మాట పొడిపొడిగానే ఉంటోంది.

మర్నాడు అందరూ ఉండగా అడిగింది. "నా బ్యాడ్జి ఎవరైనా తీశారా?"

"నా వైపెందుకు సూస్తన్నావ్?" అన్నాడు నరేష్.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకుంది రోజారమణి.

"నిన్నని అన్నానా?"

"అనక్కర్లేదు, మొహంలోనే ఉంది. ఒంటి మీద ఉండాల్సిన బ్యాడ్జిని కొక్కేనికి వదిలీసింది నువ్వు. నాకేటి సంబంధం?"

నిజమే గనక మరింత మండింది. ఆ రోజు అతను తెచ్చిన టీ ముట్టుకోలేదు. అతను మెషీన్ గదిలోకి వెళ్తే కెమెరాలో అతని చేతులే చూస్తూ కూర్చుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అతను దగ్గినా ఆమెకు కుట్రలాగే వినిపించింది.

శనివారం చిట్టమ్మ చెకప్‌కి వచ్చింది. గడ్డ కరిగిందని డాక్టరు చెప్పాడట. ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం రోజారమణి చేతిలో పెట్టి, మొహంలోకి చూసింది.

"ఏటమ్మా, కళ్ళు అలాగ ఉబ్బిపోనాయి?"

"ఏం లేదమ్మా."

చిట్టమ్మ చూపు కోటు మీద పడింది. "నీ బిళ్ళేదమ్మా? మీకు కాపలా అన్నావు గదా?"

దాచుకోవాలనుకున్న మాట ఇక ఆగలేదు. "ఎవరో దాన్ని తీసుకెళ్ళి కిరణాల్లో పెట్టారమ్మా. అదంతా నా ఒంటికే తగిలిందనుకుంటున్నారు. ఎల్లుండి నా కడుపు తీయించుకోవాలి." ఆమె చూపు గుమ్మంలో నిలబడ్డ నరేష్ మీదే ఉంది. అతను తల దించుకున్నాడు.

చిట్టమ్మ గబుక్కున రోజారమణి రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ బాబునేటీ అనకమ్మా, నాను కోక మార్సుకోడానికి తెర ఎనక్కెళ్ళినప్పుడల్లా, మీ కాపలా నాకూ ఉంటాదని నీ బిళ్ళ తీసి గుప్పిట్లో ఎట్టుకుని బల్లెక్కీదాన్ని, దిగినాక మల్లీ నీ కోటుకే తగిలించీదాన్ని."