పల్లేరు పూల అంచు

గద్వాలలో మగ్గాలున్న ఆ వీధిలో పొద్దున్నే పడుగు పోగులు వీధి పొడుగునా సాపారంటే దారి మూసుకుపోయినట్టే. ఆ పడుగు పక్కనే ఎవరో బోర్లా పడుకుని ఉన్నాడు, చేతిలో కెమెరాతో.

"ఎవరయ్యా నువ్వు? జర లే, పోగులు తెగుతయ్!" మార్కండేయ కేకేశాడు.

"పల్లేరు పువ్వన్నా. మంచుబొట్టుతోటి ఉన్నది. ఒక్క ఫోటో."

అందరూ తొక్కి తిట్టుకునే ముళ్లమొక్కకు ఫోటోనా! మార్కండేయకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ముచ్చటేసింది. తన మగ్గం మీద ఉన్నదీ ఆ పువ్వే. ఎవరికీ చూపని కొత్త అంచు.

ఆయన పేరు దశరథం. రోజూ నడకకు వచ్చి సాలెగూడో, గడ్డిపువ్వో, చీమల బారో ఫోటో తీసుకుని పోయేవాడు. రోజుకు ఒక్కటే.

"గివన్నీ ఎందుకు సారూ?"

"చిన్నయే ముందుగాల మాయమైతయన్నా."

ఆ మాటకే మార్కండేయ పడిపోయాడు. ఇంట్లోకి పిలిచి చాయ పోయించి, మగ్గం చూపించాడు. దశరథం చాలాసేపు అంచునే చూశాడు. మార్కండేయను మగ్గంలో కూర్చోబెట్టి ఫోటో తీశాడు.

"రీలు నిండినంక కడిగించి తెస్తనన్నా."

చీర నేయించుకునే సావుకారికి చేరింది. ఏడాది పొడుగునా ఇదే నెయ్యమన్నాడు సావుకారి. మార్కండేయ పెళ్లాం చంద్రకళ ఆ రోజు పాయసం చేసింది.

నెల తిరక్కముందే అంగట్లో అదే అంచుతో మిషను చీరలు కుప్పలుగా దిగాయి.

"అగ్గువకు దొరుకుతుంటే నీది ఎవరు కొంటరు? బంజేయి," అన్నాడు సావుకారి.

"మీకు తప్ప ఎవ్వరికీ చూపలే!"

"ఆ ఫోటోలాయనకు చూపలేదా?"



మర్నాడు దశరథం నవ్వుకుంటూ వచ్చాడు.

"అన్నా, ఇయ్యాల రీలు నిండుతది!"

మార్కండేయ కెమెరా గుంజుకున్నాడు. మూత తెరిచి, రీలంతా ఎండలోకి లాగి మట్టిలో పడేశాడు.

"నమ్మి లోపలికి పిలిస్తే కడుపు మీద కొడ్తవా? నా పువ్వును అమ్ముకుంటవా?"

దశరథం గొంతుక్కూర్చుని రీలును బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య నూలు చుట్టినట్టు ఎనిమిది అంకెలా చుట్టుకున్నాడు. ఒక్క మెలి పడలేదు. మార్కండేయ చూశాడు గానీ, ఆ కోపంలో అది మనసుకెక్కలేదు.

వారం తర్వాత నేత సంఘం బాలకిష్టయ్య పరుగున వచ్చాడు.

"దొంగ దొరికిండు మార్కండేయా! నీ చీరను మిషనోళ్లకు ఇచ్చింది సావుకారే. కేసేస్తున్నం. దశరథం యాడున్నడు? చీర నీ మగ్గం మీదున్నప్పటి ఫోటో ఉన్నదట, మిషను చీరలు దిగిన్నాడే సంఘానికి వచ్చి సాక్ష్యం చెప్తనన్నడు."



"ఫోటో లేదు. నేనే పాడుచేసిన. గాయన గూడ ఆనాటి సంది రాలే," అన్నాడు మార్కండేయ. "అసలు గాయన ఎవరు?"

"నీకు చెప్పలేదా? గిట్లనే తన పువ్వును మిషనోళ్లు ఎత్తుకపోతే, ఇది నాదని చూపెట్ట ఒక్క ఫోటో లేక మగ్గం అమ్ముకున్న నేతగాడు."