ఆరంగుళాల అతుకు

"అసలు మనిషిని తీసుకురండి పిన్నిగారూ! దారం ముడులు చూసి ప్యాంటు కుట్టమంటే, నేనేమైనా గారడీ చేసేదాన్నా?"

టైలరమ్మ కత్తెర బల్ల మీద పడేసింది. ఎదురుగా పెద్దావిడ. చేతిలో నీలం ప్యాంటు, మొహం మీద అదే చిరునవ్వు. ఈ వారంలో ఆవిడ పని పట్టుకుని రావడం ఇది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ గుమ్మానికి అడ్డంగా ఉన్న హ్యాంగర్ల కర్ర కింద నుంచి తల వంచుకునే వస్తుంది. తల వంచుతుందే గాని మాట మాత్రం దించదు.

మొదటిరోజు రెండు పాత ప్యాంట్లు తెచ్చింది.

"మా కోడలివి. రెండూ కలిపి ఒకటి చెయ్యాలమ్మాయ్. పొడుగు ఆరంగుళాలు పెరగాలి. కాస్త వెడల్పు కూడా."

"ఆరంగుళాలే! నిలబడితే ఫ్యాను తగులుతుందా ఏంటి?" అంది టైలరమ్మ, సూది మీంచి కళ్ళెత్తకుండా. "ఇంత పొట్టివి ఇన్నాళ్ళూ ఎలా వేసుకుంది?"

"తనకి బాగానే ఉండేవి."

ఇప్పటి పిల్లలకి చీలమండల పైకి ఉంటేనే ఫ్యాషన్ కదా అనుకుంది టైలరమ్మ. "మరి ఇప్పుడెందుకు పెంచడం?"

"ఆసుపత్రి గేటు దగ్గర టోకెన్లిచ్చే ఉద్యోగం. వాళ్ళ దగ్గరున్న ఆడవాళ్ళ ప్యాంట్లన్నీ పొట్టివేనట. కాళ్ళు నిండుగా కప్పే నీలం ప్యాంటు సొంతంగా తెచ్చుకోమన్నారు. సోమవారం పొద్దున్నకి అది లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. కొత్తగుడ్డ కొనే స్తోమత ఇప్పుడు లేదు. మా అబ్బాయికి పని పోయి నాలుగు నెలలైంది."

"సరే, కోడల్ని పంపండి. కొలతలు తీస్తాను."

"తనకి ఎక్కడ తీరుతుంది? చంటివాడు చంక దిగడు."

టైలరమ్మ సూది ఆగింది. "చంటిపిల్లాడుంటే ఉద్యోగమా!"

"ఇల్లు గడవాలి కదమ్మాయ్." పెద్దావిడ మూడు చోట్ల ముడులు వేసిన దారం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

కోపం అత్తగారి మీద. పని మాత్రం ఆ పిల్ల కోసమని మనసు పెట్టి చేసింది టైలరమ్మ. ప్యాంటు మోకాళ్ళ దగ్గర కోసి, రెండో ప్యాంటు గుడ్డ పట్టీ వేసింది. అతుకని తెలియకుండా దాని మీద జంట కుట్లు వేసి డిజైనులా మార్చింది. మిగిలిన గుడ్డతో నడుం నుంచి అంచు దాకా పక్కలకు నిలువు పట్టీలు వేసింది. బజారులో కొన్నదంటే ఎవరైనా నమ్ముతారు.

తీసుకెళ్ళిన మర్నాడే అది తిరిగొచ్చింది.

"నడుం దగ్గర నిలవట్లేదు. జారిపోతోంది."

"మీ దారం కొలతే కదండీ!"

"అది చీర మీద తీసిందిలే."

"చీర మీదా! కుచ్చిళ్ళతో సహానా?"

"ప్యాంటుకి కొలత ఎలా తియ్యాలో మాకేం తెలుసమ్మా?"

టైలరమ్మకి ఒళ్ళు మండింది. పెళ్ళికి ముందు ప్యాంట్లు వేసుకున్న పిల్లకి ఇంట్లో చీరలు చుట్టబెట్టారన్నమాట. ఇప్పుడు సంపాదన కావాల్సి వచ్చేసరికి మళ్ళీ ప్యాంటు గుర్తొచ్చింది. పైనున్న ఆ దేవుడు ఇలాంటి ఇళ్ళను చూసి ఏమనుకుంటాడో, అసలు చూస్తున్నాడో లేదో అనుకుంటూ నడుం విప్పి నాలుగంగుళాలు తగ్గించింది.

ఇవాళ శనివారం. మళ్ళీ వచ్చింది.

"ఈసారేంటి?"

"కోప్పడకు. ఈ హుక్కు తీసేసి ఎలాస్టిక్ వెయ్యి. మోకాళ్ళ దగ్గర వదులు చెయ్యి, కూర్చుని లేవాలి కదా. కుడివైపు లోతుగా ఒక జేబు పెట్టు, కళ్ళద్దాల పెట్టె పట్టాలి."

"పిన్నిగారూ! నేను ఫ్యాషన్‌గా కుడుతుంటే మీరు దాన్ని దిండు గలీబు చేస్తున్నారు. వయసులో ఉన్న పిల్లకి ఎలాస్టిక్ ఏంటండీ? నేను వేసుకునేవాళ్ళ మాట వినాలా, మీ మాట వినాలా?"

"రెండూ ఒకటేలే అమ్మాయ్."

"అవును మరి! మీ ఇంట్లో మీ మాటే అందరి మాట!"

పెద్దావిడ నవ్వి స్టూలు మీద కూర్చుంది. టైలరమ్మ పళ్ళు కొరుకుతూ మిషను తొక్కింది. హుక్కు ఊడదీసింది, ఎలాస్టిక్ ఎక్కించింది, మోకాళ్ళ దగ్గర కుట్లు వదిలింది, జేబు పెట్టింది. గంట పట్టింది. ప్యాంటు ఇస్త్రీ చేసి, ఇవ్వకుండా గట్టిగా పట్టుకుంది.

"ఈసారి వేసి చూడందే గడప దాటనివ్వను. మళ్ళీ విప్పితే ఈ గుడ్డ నిలవదు, సోమవారానికి మీ ఉద్యోగమూ నిలవదు. ఫోన్ చేసి కోడల్ని రమ్మనండి. పిల్లాణ్ణి కాసేపు నేనే ఎత్తుకుంటాను."

పెద్దావిడ వీధిలోకి ఒకసారి చూసింది. "కాస్త తలుపు దగ్గరికి వెయ్యి అమ్మాయ్."

తనకి చివాట్లు తప్పవనుకుంది టైలరమ్మ. పడితే పడ్డానులే అని ప్యాంటు బల్ల మీద పెట్టి, తలుపు వేసి వచ్చేసరికి అది అక్కడ లేదు. పెద్దావిడ దాన్ని తీసుకుని మూలనున్న తెర వెనక్కి వెళ్ళిపోయింది.

"అక్కడ వెలుతురు లేదండీ, కుట్లు కనబడవు! ఎన్ని తప్పులు వెతుకుతారు ఇంకా? బాలింత చేత ఉద్యోగం చేయిస్తూ, దాని ప్యాంటు కూడా మీ ఇష్టప్రకారమేనా? కాస్త ఆ పిల్ల కష్టం కూడా చూడండి!"

తెర కింద నేల మీద ఆవిడ కట్టుకున్న చీర కుప్పగా పడింది.