ఈ రోజు వచ్చిన ఓడ

అమెరికాలోని డులూత్ రేవులో కాలువ గట్టు బెంచీ మీద కూర్చుని, సిగ్రిడ్ తన బ్లాగులో ఆఖరి పోస్టు రాస్తోంది.

మూడేళ్ళ శ్రమ. "తప్పక చూడాల్సిన పది తీరాలు", "తప్పక తినాల్సిన పది వంటలు". నలుగురూ రాసేదే తనూ రాసింది. చదివింది కూడా ఆ నలుగురే.

పక్కనున్న ముసలాయన ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటూ పలకరించాడు. "ఏం కొడుతున్నావమ్మాయ్, టకటకా?"

"బ్లాగు మూసేస్తున్నానని రాస్తున్నా. ఎవరూ చదవట్లేదు."

"దేని గురించి రాశావేంటి?"

"హవాయి తీరాలు, పారిస్ వంటలు..."

"వెళ్ళొచ్చావా?"

"లేదు."

"నువ్వే చూడనిది జనానికేం చూపిస్తావు?"

సిగ్రిడ్‌కు ఒళ్ళు మండింది. అంతలో ఓడకు దారిస్తూ కాలువ మీది వంతెన పైకి లేచింది. ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి ఓ ఓడ కాలువలోకి వచ్చింది.

"సరే, ఆ ఓడెలా ఉందో చెప్పు."

"ఎదురుగానే ఉందిగా."

"నేను చూసేదానితో నీకేం పని? నీకేం కనిపిస్తోందో చెప్పు."

వదిలించుకుందామని చెప్పింది. "ముక్కు దగ్గర తుప్పు. తీగ మీద గళ్ళ చొక్కాలు ఆరేశారు. వంటాయన రైలింగు దగ్గర నిలబడి చెయ్యూపుతున్నాడు. ఒడ్డున మాత్రం మనం తప్ప ఎవరూ లేరు."

ముసలాయన కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. "మూసేయడం రేపైనా మూసేయొచ్చు. ఇవాళ ఇది రాయి," అన్నాడు.

రాసింది. తెల్లారేసరికి కింద ఒక జవాబు ఉంది.

"ఆ చెయ్యూపింది మా ఆయనే. పాపకి జ్వరమొచ్చి రేవుకు రాలేకపోయాను. ఓడ పేరు వెతికితే మీ పోస్టు దొరికింది. మీరు రాయబట్టి తెలిసింది."

సిగ్రిడ్ దాన్ని పదిసార్లు చదువుకుంది. తను ఎవరి కోసం రాయాలో ఆ పూటే తేలిపోయింది. బ్లాగు పేరు మార్చేసింది: ఈ రోజు వచ్చిన ఓడ.

ఆ ఎండాకాలమంతా ముసలాయన పక్కనే కూర్చుని పీకి పాకం పెట్టాడు.

"'అద్భుతం' అంటే నాకేం అర్థమైంది? ఏ రంగో చెప్పు."

"నీలం."

"ఏ నీలం?"

ఆకులు రాలే నాటికి నావికుల ఇళ్ళన్నీ ఆమెనే చదువుతున్నాయి. ఒక మధ్యాహ్నం ఓ పెద్ద ఓడ వంతెన దాటుతూ మూడు పొడుగు కూతలు, రెండు పొట్టి కూతలు వేసింది. కెప్టెన్లు గౌరవించదలచిన వాళ్ళకిచ్చే సలాం అది. డెక్ మీద కుర్రాళ్ళు దుప్పటి పరిచి పట్టుకున్నారు. దాని మీద పెద్ద అక్షరాలు: "సిగ్రిడ్, ఇవాళ మా గురించి రాయి."

ఆమె పట్టలేని సంతోషంతో రెండు చేతులూ ఊపింది. ఇది ముసలాయనకు చెప్పాలి. ఆయన బెంచీకి రాక రెండు వారాలైంది.

వెనక ఎవరో నడివయసావిడ నిలబడి ఉంది. "సిగ్రిడ్ మీరేనా? మీ పక్కన కూర్చునే ఆర్వో మా నాన్న. రోజూ నేనే ఇక్కడ దింపి వెళ్ళేదాన్ని. పోయి పది రోజులైంది. మీకు థాంక్స్ చెప్పమన్నాడు."

సిగ్రిడ్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను చెప్పాలండీ. నాకు రాయడం నేర్పింది ఆయనే."

"నేర్పడమేంటండీ," అందావిడ. "ముప్పై ఏళ్ళు ఈ ఓడలకే చుక్కాని పట్టిన మనిషి, చూపు పోయిన ఆరేళ్ళకి వాటిని మళ్ళీ చూసింది మీరు చెబుతుంటేనే."