మూత తియ్యని జాడీ

మామగారి తిథికి ఈసారైనా ఇంట్లో పులియబెట్టిన మక్కోలి, అదే మా కొరియా బియ్యపు కల్లు, పెట్టాలని మా ఆయన క్యుచాన్ పంతం. ఆరు జాడీల బియ్యం వెనిగరైపోయింది. ఏడోది అమృతం! చుట్టాలు ఒక్కపూటలో ఖాళీ చేశారు.

కారణం తేల్చడానికి ఆయన సొంతంగా తయారుచేసుకున్న సాఫ్ట్‌వేర్ తెరిచారు. పాడైన ఆరింటికీ గంటగంటకూ వేడి, వాసన, రుచి రాసి ఉన్నాయి. ఏడోదానికి పదకొండు రోజులూ ఖాళీ.

"అప్పుడు మీరు బూసాన్‌లో ఉన్నారుగా! నేను మూత తీసిన పాపాన పోలేదు," అన్నాను.

"అదా సంగతి! ఉండవే, ఇప్పుడే కొత్త సదుపాయం పెడతా."

ఎనిమిదో జాడీకి ఫోన్ గంటగంటకూ మోగుతోంది: 'మూత తియ్యొద్దు.'

మోగినప్పుడల్లా ఆయన పరుగెత్తి, మూత సరిగ్గా ఉందో లేదోనని తీసి చూసి, 'తియ్యలేదు' అని నమోదు చేస్తున్నారు.

నేను వెళ్లి కొట్లో ఓ సీసా మక్కోలి చెప్పొచ్చాను.